ఐఎన్ఆర్ పుస్తకంలో కనిపించిన దిగులు: గుండె వాల్వు మార్పిడి తర్వాత ఒక కేసు

కార్డియాలజీ విభాగం నుంచి వచ్చిన చీటీలో నాలుగు ముక్కలే ఉన్నాయి. "మైట్రల్ వాల్వు మార్చి 11 వారాలైంది. ఐఎన్ఆర్ నిలవడం లేదు. గుండెదడ అంటున్నారు, ఎకోలో తేడా లేదు. మానసిక వైద్యుల అభిప్రాయం కావాలి." మైట్రల్ అంటే గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే వాల్వు, ఎకో అంటే గుండె స్కానింగు. దడకు గుండెలో కారణం దొరకనప్పుడు మా విభాగానికి పంపడం మామూలే. కానీ ఐఎన్ఆర్, అంటే రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే అంకె, దాని సంగతి మానసిక వైద్యురాలికి రాసే చీటీలో ఎందుకుంది? రాసిన డాక్టరు దాన్ని అదనపు సమాచారంగా మాత్రమే చేర్చారని తర్వాత తెలిసింది. తీరా చూస్తే ఈ కేసుకు తాళంచెవి ఆ ముక్కలోనే ఉంది.

ఆమె ఎవరో గుర్తుపట్టడానికి వీల్లేకుండా కొన్ని వివరాలు మార్చాను. ఆమె అనుమతితోనే రాస్తున్నాను.

ఆమె, ఆమె గుండె

వయసు 38. ప్రకాశం జిల్లాలో ఒక మండల కేంద్రంలో, ఇంటి ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. భర్త గ్రానైటు పాలిషింగు యూనిట్లో కార్మికుడు. కూతురు ఇంటర్ రెండో సంవత్సరం, కొడుకు తొమ్మిదో తరగతి. అత్తగారు వాళ్లతోనే ఉంటారు.

పదకొండో ఏట కీళ్లవాపుతో జ్వరం వచ్చింది. మోకాలు తగ్గితే చీలమండ, అది తగ్గితే మణికట్టు. రుమాటిక్ జ్వరం. గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ క్రిమితో పోరాడే క్రమంలో ఒంట్లోని రక్షణ వ్యవస్థ గుండె వాల్వులను కూడా గాయపరిచే జబ్బు ఇది. 21 రోజులకోసారి పెనిసిలిన్ ఇంజెక్షన్ మానకూడదని చెప్పారట. పెళ్లయ్యేదాకా తండ్రి సైకిలు మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లి చేయించేవాడు. పెళ్లి తర్వాత అది ఆగిపోయింది. రెండో కాన్పులో ఆయాసం బయటపడింది. 26 ఏళ్లప్పుడు బెలూన్‌తో వాల్వు వెడల్పు చేశారు. పదకొండేళ్లు గడిచాక మళ్లీ మెట్లెక్కలేని స్థితి వచ్చింది. ఈసారి వాల్వు సున్నం పట్టి బిగుసుకుపోయింది, మార్చక తప్పలేదు. ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ జరిగింది. ఆ వయసులో జంతు కణజాలంతో చేసిన వాల్వు త్వరగా అరిగిపోతుంది కాబట్టి లోహపు వాల్వు పెట్టారు. జనం లోహపు వాల్వు అంటారు గానీ, లోపల తెరుచుకుని మూసుకునే రెండు రెక్కలు గట్టి కార్బన్‌తో చేసినవి. అవి మూసుకున్న ప్రతిసారీ చిన్న టక్కుమనే శబ్దం వస్తుంది.

ఆ శబ్దం గురించి ఆపరేషన్‌కు ముందు ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మొదటిసారి నా గదిలోకి వచ్చినప్పుడు కూతురు పక్కన కూర్చుంది. దాదాపు 50 నిమిషాలు మాట్లాడాం. అంతసేపూ ఆమె కుడి అరచెయ్యి రొమ్ముటెముక మీదే ఉంది. నీళ్ల గ్లాసు అందుకోవడానికి కూడా ఎడమ చెయ్యే చాచింది. నిద్ర రెండు గంటలు. అన్నం రెండు ముద్దలు. మిషను మీద గుడ్డ కప్పి మూడు నెలలైంది. "ఎందుకు కప్పారమ్మా?" అని అడిగితే, "సూది గుచ్చుకుంటే రక్తం ఆగదంట కదా మేడమ్ గారూ" అంది. కాసేపు ఆగి, "ఇంక ఎవరికోసం కుట్టాలి?" అని కూడా అంది. మొదటి మాట భయం, రెండోది దిగులు. రెండూ ఒకే మనిషిలో, ఒకే ఊపిరిలో.

దేన్ని వదిలేసే వీల్లేదు

గుండె ఆపరేషన్ అయినవారి ప్రతి బాధనూ మనసు ఖాతాలో రాసేయడం ప్రమాదం. అందుకే ముందు ఒంటి సంగతి తేల్చుకున్నాను. ఆపరేషన్ తర్వాత గుండె లయ తప్పితే ఆమెకు ఆరు వారాలు అమియోడరోన్ ఇచ్చి ఆపారు. ఆ మందులో అయోడిన్ ఎక్కువ. థైరాయిడ్ మందగించి, అచ్చం దిగులులాగే నీరసం, మందకొడితనం రావచ్చు. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ 3.1, అంటే మామూలే. అమియోడరోన్‌కు ఇంకో గుణం ఉంది. రక్తం గడ్డకట్టకుండా వాడే మందు ప్రభావాన్ని అది పెంచుతుంది. ఆపేశాక కూడా వారాల తరబడి ఆ ప్రభావం మెల్లగా తగ్గుతూ ఉంటుంది. ఐఎన్ఆర్ ఊగడంలో దానికీ కొంత వాటా ఉండి ఉంటుంది. హిమోగ్లోబిన్ 9.2, అంటే రక్తహీనత. ఈ అంకె దగ్గర నేను ఆగాను. దాని సంగతి తర్వాత చెబుతాను.

కార్డియాలజీవారు 24 గంటల హోల్టర్ పెట్టారు, గుండె లయను రోజంతా నమోదు చేసే చిన్న యంత్రం అది. దడ వచ్చిన ప్రతిసారీ గడియారం చూసి కాగితం మీద రాయమన్నాం. ఆరుసార్లు రాసింది. ఆ ఆరు వేళల్లోనూ గుండె లయ సక్రమంగానే ఉంది. వేగం మాత్రం నిమిషానికి 104 నుంచి 122 వరకు పెరిగింది. లయ తప్పినందువల్ల వచ్చిన దడ కాదు, భయంతో వచ్చిన దడ అని అప్పుడు ధైర్యంగా అనగలిగాం. ఆ రికార్డు లేకుండా ఆ మాట అని ఉంటే నమ్మకంగా అనలేకపోయేదాన్ని, ఆమె కూడా నమ్మేది కాదు.

దిగులును కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 27కు 18 వచ్చింది. ఇందులో ఒక చిక్కుంది. నిద్ర, ఆకలి, నీరసం గురించిన మూడు ప్రశ్నలు రొమ్ముటెముక కోసి కుట్టినవారెవరికైనా ఎంతో కొంత వర్తిస్తాయి. ఆ మూడింటికి పడిన 8 తీసేసినా ఇంకా 10 మిగిలింది. దేనిమీదా ఆసక్తి లేకపోవడం, మనసు కుంగిపోవడం రెండూ దాదాపు ప్రతిరోజూ ఉన్నాయి. ఆందోళనకు వాడే జీఏడీ-7లో 21కి 16.

చావు ఆలోచనల గురించి ఎప్పుడూ సూటిగానే అడుగుతాను. అడిగితే కొత్తగా ఆ ఆలోచన పుడుతుందని చాలామంది జంకుతారు. పుట్టదు. అడగకపోతే మాత్రం అది లోపలే ఉండిపోతుంది. కూతురిని బయట కూర్చోమని చెప్పి అడిగాను. "తెల్లారేసరికి ఆ శబ్దం ఆగిపోతే బాగుండును అనిపిస్తుంది" అంది. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన గానీ ప్రయత్నం గానీ లేవు. కానీ మాత్రల మాట వచ్చేసరికి చూపు దించుకుంది.

పుస్తకం

లోహపు వాల్వు ఉన్నవారికి ఐఎన్ఆర్ పుస్తకం ఇస్తారు. తేదీ, అంకె, రక్తం గడ్డకట్టకుండా వేసుకునే ఎసిట్రోమ్ మాత్ర మోతాదు, డాక్టరు సంతకం. మైట్రల్ స్థానంలో లోహపు వాల్వు ఉంటే ఐఎన్ఆర్ 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. తగ్గితే వాల్వు మీద రక్తం గడ్డకట్టి మెదడుకు పోవచ్చు, పెరిగితే రక్తస్రావం. ఆమె పుస్తకంలో డిశ్చార్జి రోజున 2.8. మూడో వారం 1.7. ఐదో వారం 4.6. ఏడో వారం 1.6. తొమ్మిదో వారం 5.1. పదకొండో వారం 1.5.

ఈ అంకెల్ని నేను కాగితం మీద గీతగా వేసుకున్నాను. కింద, పైన, కింద, పైన. నాలుగేసి వారాలకోసారి కిందికి పడుతోంది. హిమోగ్లోబిన్ 9.2 నా మనసులో ఉంది. "నెలసరి ఎలా ఉంటోందమ్మా?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఏడ్చింది. ఆపరేషన్ తర్వాత నెలసరి ఏడెనిమిది రోజులు, పాత చీరలు మడతలు పెట్టుకున్నా ఆగనంతగా అవుతోంది. "రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నాను కదా, అదే నన్ను తోడేస్తోంది అనుకున్నాను. ఆ రోజుల్లో వేసుకోవడం మానేస్తున్నాను. మగ డాక్టర్లు, వాళ్లతో ఎలా చెప్పను?"

ఎసిట్రోమ్ అదే రకానికి చెందిన వార్ఫరిన్ కంటే త్వరగా ఒంట్లోంచి పోయే మందు. మూడు నాలుగు రోజులు మానితే ఐఎన్ఆర్ పడిపోతుంది. సరిగ్గా ఆ సమయంలో పరీక్ష జరిగేది. మాత్ర మానిందని తెలియని డాక్టరు మోతాదు పెంచేవారు. నెలసరి ఆగాక ఆమె పెంచిన మోతాదు తు.చ. తప్పకుండా వేసుకునేది. తిండి మాత్రం రెండు ముద్దలు. ఆకుకూరలైతే పూర్తిగా మానేసింది. ఆకుకూరలు వాల్వు ఉన్నవారికి విషమని పక్క మంచం వారెవరో చెప్పారు. విటమిన్ కె లోపలికి వెళ్లడం తగ్గితే ఇదే మందు రెట్టింపు పనిచేస్తుంది. ఐఎన్ఆర్ 4.6కు ఎగబాకేది. చిగుళ్లలో రక్తం చూసి ఆమె బెదిరిపోయేది. డాక్టరు మోతాదు తగ్గించేవారు. మళ్లీ నెలసరి.

ఎవరి తప్పూ లేదు. అందరూ తమకు తెలిసినదాన్ని బట్టి సరిగానే చేశారు. దిగులు తిండిని తగ్గించింది, భయం మాత్రను మాన్పించింది, సిగ్గు ఆ రెండింటినీ దాచింది. ఆ మూడింటి జాడ ఐఎన్ఆర్ పుస్తకంలో అంకెలుగా నమోదవుతూ వచ్చింది. ఈ కేసులో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. వాల్వు రోగికి ఐఎన్ఆర్ కారణం లేకుండా ఊగుతుంటే మోతాదు మార్చే ముందు నిద్ర, తిండి, నెలసరి, మనసు ఎలా ఉన్నాయో అడగాలి. అడగడానికి ఐదు నిమిషాలు చాలు. ఈ వలయం సాగిన ఎనిమిది వారాల్లో ఆమె మెదడుకు రక్తపు గడ్డ పోకపోవడం కేవలం అదృష్టం.

ఐసీయూలో మూడో రాత్రి

రెండోసారి వచ్చినప్పుడు ఇంకో సంగతి చెప్పింది. దానికి ముందు, "మీరు నన్ను పిచ్చాసుపత్రికి పంపరు కదా?" అని అడిగింది.

ఆపరేషన్ అయిన మూడో రాత్రి ఐసీయూలో గోడ మీద చీమల బారు కనిపించింది. అవి మంచం మీదికి వస్తున్నాయి. ఎప్పుడో చనిపోయిన తండ్రి సైకిలు బెల్లు మోగిస్తున్నాడు. లేవబోతే చేతులు మంచం కమ్మీకి గుడ్డతో కట్టి ఉన్నాయి. నోట్లో గొట్టం లేదు గానీ ఉన్నట్టే అనిపించింది, అరిచినా గొంతు రాలేదు. ఎవరో "పట్టుకోండి" అంటున్నారు. పొద్దున్నకు అంతా మామూలైపోయింది. ఆ రాత్రి గురించి ఆమెతో ఎవరూ మాట్లాడలేదు, ఆమె కూడా ఎవరికీ చెప్పలేదు. ఆనాటి నుంచి తనకు పిచ్చి పట్టిందనీ, ఎప్పుడో ఒక రోజు పిల్లల ముందు అది బయటపడుతుందనీ లోపల్లోపల నమ్ముతోంది. ఇంట్లో దీపం ఆర్పితే చీమలు వస్తాయని భయం.

దీన్ని వైద్యంలో డెలీరియం అంటారు. గుండె ఆపరేషన్ల తర్వాత ఇది తరచుగా చూసేదే. మత్తుమందులు, గుండె-ఊపిరితిత్తుల యంత్రం మీద గడిపిన గంటలు, నిద్రలేమి, రాత్రీ పగలూ ఒకేలా వెలిగే దీపాలు కలిసి మెదడును కొన్ని గంటలో రోజులో తికమక పెడతాయి. తర్వాత సర్దుకుంటుంది. ఇది పిచ్చి కాదు, పిచ్చికి నాంది కూడా కాదు. చేతులు కట్టింది ఆమె గొట్టాలను లాగేసుకోకుండా. ఈ నాలుగు వాక్యాలు చెప్పడానికి నాకు ఎంతో సమయం పట్టలేదు. ఆమె మూడు నెలలుగా మోస్తున్నది మాత్రం చాలా బరువు. విన్నాక అడిగిన మొదటి ప్రశ్న: "మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?" నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు మా విభాగంలో ఐసీయూ నుంచి వార్డుకు మారిన ప్రతి గుండె రోగినీ "లోపల వింతగా ఏమైనా కనిపించిందా, వినిపించిందా?" అని అడుగుతున్నాం. అవునన్నవారికి అదేమిటో ఆ రోజే చెబుతున్నాం.

శబ్దంతో వచ్చిన చిక్కు

అన్నిటికంటే కష్టమైనది వాల్వు శబ్దం. పగలు వీధి సందడిలో వినపడదు. రాత్రి, ముఖ్యంగా ఎడమ పక్కకు తిరిగి దిండుకు చెవి ఆనిస్తే తల లోపల మోగినట్టుంటుంది. ఆమె లెక్కపెడుతుంది. వందకు చేరాక మళ్లీ ఒకటి. మధ్యలో ఒక దెబ్బ అటూ ఇటూ అయినట్టు అనిపిస్తే గుండె పరుగెడుతుంది, గుండె పరుగెడితే శబ్దం వేగం పెరుగుతుంది, శబ్దం వేగం భయాన్ని ఇంకా పెంచుతుంది. ఆందోళన జబ్బులన్నింటిలోనూ ఇలాంటి వలయం ఉంటుంది గానీ, భయం తన వేగాన్ని తనకే వినిపించే ఏర్పాటు ఇక్కడొక్కచోటే చూశాను. ఒక రాత్రి చదువుకుంటున్న కూతురు, "అమ్మా, నీ గడియారం ఇక్కడిదాకా వినిపిస్తోంది" అంది. ప్రేమగానే అంది. ఆనాటి నుంచి ఆమె పిల్లల దగ్గర కూర్చోవడం మానేసింది.

మొదట్లో నేనూ ఒక తప్పు చేశాను. గోడ గడియారం శబ్దానికి అలవాటు పడినట్టే దీనికీ అలవాటు పడతారని చెప్పాను. చాలామంది రోగులకు ఆ పోలిక పనికొచ్చింది. ఆమె ముఖం మాడిపోయింది. గడియారమంటే ఆమెకు మిగిలిన సమయాన్ని లెక్కపెట్టేది. ఆ వారం నిద్ర ఇంకా తగ్గింది. రోగి మనసులో ఆ వస్తువుకు ఏ అర్థం ఉందో అడగకుండా పోలిక చెప్పకూడదని అప్పుడు నేర్చుకున్నాను.

ఇంకో చిక్కు మరింత లోతైనది. శరీరంలో ప్రతి చిన్న మార్పునూ వెతుక్కునేవారికి మామూలుగా మేం "పట్టించుకోకండి, అది హానిచేయదు" అని నేర్పుతాం. వాల్వు శబ్దం విషయంలో ఆ మాట అనలేం. ఎందుకంటే ఎప్పుడూ స్పష్టంగా వినిపించే శబ్దం హఠాత్తుగా మందగించినా, మాయమైనా అది వాల్వు మీద రక్తం గడ్డకట్టిందనడానికి గుర్తు కావచ్చు. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. అంటే ఈ శబ్దాన్ని ఆమె అసలు వినకూడదు అనలేను, ఎప్పుడూ వింటూ ఉండమనీ అనలేను.

కార్డియాలజిస్టుతో కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నాం. రోజుకు ఒక్కసారి, పొద్దున పళ్లు తోముకున్నాక, నిలబడి ఒకటి రెండు క్షణాలు వినడం. నిన్నటిలాగే ఉందా, లేదా? అంతే. లెక్కపెట్టకూడదు. మిగతా రోజంతా చెయ్యి రొమ్ము మీద పెట్టకూడదు. రాత్రి మొదటి మూడు వారాలు ఫ్యాను వేగం పెంచుకుని ఆ హోరులో పడుకోవడానికి ఒప్పుకున్నాను. కొందరు సహవైద్యులు దీన్ని తప్పించుకోవడం అంటారు, నిజమే. కానీ రెండు గంటల నిద్రతో ఉన్న మనిషికి ధైర్యం నేర్పడం సాధ్యం కాదు. ముందు నిద్ర రావాలి. నాలుగో వారం నుంచి ఫ్యాను వేగం రోజుకొక మెట్టు తగ్గించాం. తర్వాత నా గదిలో, తలుపులు మూసి, నిశ్శబ్దంలో ఐదు నిమిషాలు, పది నిమిషాలు కూర్చున్నాం. ఆమె వాల్వు నాకూ వినిపించేది. భయం పది మెట్లలో ఎంత ఉందో ప్రతి రెండు నిమిషాలకూ చెప్పమనేదాన్ని. మొదటి రోజు తొమ్మిది దగ్గర మొదలై ఏడు దగ్గర ఆగింది. ఐదో సారికి నాలుగుతో మొదలై రెండుకు వచ్చింది. ఆసుపత్రి మెట్లు ఎక్కించి గుండె వేగాన్ని కావాలనే పెంచడం కూడా చేశాం, ఫిజియోథెరపిస్టు పక్కన ఉండగా.

మందులు, వంటగది, కుట్టుమిషను

మందు ఎంచుకోవడం తేలిక కాలేదు. దిగులుకు వాడే ఎస్ఎస్ఆర్ఐ మందులు రక్త ఫలకికల్లోని సెరటోనిన్‌ను తగ్గిస్తాయి, దానివల్ల రక్తస్రావం అవకాశం కొంచెం పెరుగుతుంది. ఎసిట్రోమ్ వాడే మనిషికి ఇది చిన్న సంగతి కాదు. వాటిలో ఫ్లూవాక్సమిన్, ఫ్లూఆక్సెటిన్ ఎసిట్రోమ్ ప్రభావాన్ని ఎక్కువగా కదిలిస్తాయి కనుక పక్కన పెట్టాను. ఎసిటాలోప్రాం ఈసీజీలో క్యూటీ విరామాన్ని (ప్రతి దెబ్బకూ గుండె కింది గదులు పనిచేసి మళ్లీ సిద్ధమయ్యే సమయాన్ని) పెంచవచ్చు, ఈ మధ్యే లయ తప్పిన గుండెకు అది నా మొదటి ఎంపిక కాదు. సెర్ట్రలిన్ ఎంచుకున్నాను. 2002లో వెలువడిన శాడ్‌హార్ట్ అధ్యయనంలో గుండెపోటు, అస్థిరమైన గుండెనొప్పి వచ్చిన 369 మందిలో అది గుండెకు హాని చేయలేదు. వాళ్లు వాల్వు రోగులు కారు, అయినా గుండె జబ్బులో దీనిమీద మనకున్న అనుభవం మిగతావాటి కంటే ఎక్కువ. 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి రెండు వారాలకు 50 చేశాను. మొదలుపెట్టిన వారానికీ, పెంచిన వారానికీ ఐఎన్ఆర్ పరీక్ష. అప్పటికే ఆమె ఐదు వారాలుగా మందుల దుకాణంలో కొనుక్కుని ఆల్ప్రజోలం వేసుకుంటోంది. దాన్ని ఒక్కసారిగా ఆపితే ఆందోళన, దడ రెట్టింపై తిరిగి వస్తాయి. ఆరు వారాలు తీసుకుని కొంచెం కొంచెంగా మాన్పించాను.

నెలసరి సంగతి గైనకాలజిస్టుకు, కార్డియాలజిస్టుకు కలిపి అప్పగించాను. ఈస్ట్రోజెన్ మాత్రలు గడ్డకట్టే ముప్పును పెంచుతాయి. నెలసరి నొప్పికి ఆమె అలవాటుగా వేసుకునే మెఫినమిక్ ఆసిడ్ మాత్ర ఎసిట్రోమ్‌తో కలిస్తే రక్తస్రావం ముప్పును పెంచుతుంది, దాన్ని ఆపించారు. హార్మోను ఉన్న లూప్ వేశారు. ఐరన్ మొదలుపెట్టారు. నాలుగో నెలకు రక్తస్రావం బాగా తగ్గింది, హిమోగ్లోబిన్ 11.4కు వచ్చింది. ఆమె ముఖంలో వచ్చిన తేటదనంలో నా మందు వాటా ఎంత, గైనకాలజిస్టు వాటా ఎంత అన్నది తేల్చడం కష్టం. సగానికి సగం వాళ్లదే అని నేను అనుకుంటాను.

ఆకుకూరల సంగతి అత్తగారితో మాట్లాడాం, వంటింటి పెత్తనం ఆవిడదే కాబట్టి. కోడలికి గాలి సోకిందని తాయెత్తు కట్టించింది ఆవిడే. తాయెత్తు తీయమని నేను చెప్పలేదు. ఆవిడ మాటను తోసేస్తే ఆ ఇంట్లో నా మాట కూడా నిలవదు. పైగా, కోడలి కోసం ఆవిడ చేయగలిగింది అది. "తాయెత్తు ఉండనివ్వండి పెద్దమ్మా, మీ చేతి తోటకూర పప్పు కూడా కావాలి" అన్నాను. వాల్వు ఉన్నవారు ఆకుకూరలు మానక్కర్లేదు. ఒక వారం గోంగూర, మునగాకు, పాలకూర కలిపి తిని, మరో వారం ముట్టకుండా ఉండటమే ఇబ్బంది. వారానికి రెండుసార్లు, అదే గిన్నె కొలతతో. ఆవిడ ఆ కొలతను ఎంత నిష్ఠగా పాటించారంటే, పెళ్లి భోజనానికి వెళ్లినా కోడలి విస్తరిలో ఆకుకూర ఎంత పడిందో చూసేవారట.

భర్త మూడో నెలలో గానీ రాలేదు. రోజు కూలి పోతుంది. ఆయన వరండాలో పడుకుంటున్నాడని ఆమె చెప్పింది. ఛాతీ మీద గాటు చూసి, శబ్దం విని అసహ్యం కలిగిందని ఆమె నమ్మకం. ఆయన్ని విడిగా అడిగాను. తల దించుకుని, "నిద్రలో నా చెయ్యి తగిలి కుట్లు ఊడితే అని భయం డాక్టరు గారూ. ఆసుపత్రివాళ్లు దగ్గర పడుకోవచ్చో లేదో చెప్పలేదు" అన్నాడు. రొమ్ముటెముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది, అది అయిపోయింది, సర్జన్ అనుమతి కూడా ఉంది అని ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. దాంపత్యం గురించి కూడా దాచకుండా చెప్పాను. ఈ సంగతి డిశ్చార్జి రోజునే చెప్పాలి. చెప్పకపోతే, ఇలాగే ఇద్దరు మనుషులు ఒకరి గురించి ఒకరు బాధపడుతూ వేరు వేరు చోట్ల పడుకుంటారు.

మిషను మీది గుడ్డ తీయడం చికిత్స ఐదో వారంలో మొదలైంది. మొదటి రోజు చేసిన పని గుడ్డ తీసి మడతపెట్టడమే. రెండో రోజు దుమ్ము తుడిచి నూనె వేయడం. సూది భయానికి, వేలికి తొడుగు పెట్టుకోవడం, గుచ్చుకుంటే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టడం నేర్పాం. ఒకసారి నిజంగానే గుచ్చుకుంది. ఆరు నిమిషాల్లో ఆగింది. గడియారం చూసి రాసుకొచ్చి నాకు చూపించింది. నేను చెప్పిన మాటలన్నీ ఒక ఎత్తు, ఆ ఆరు నిమిషాలు ఒక ఎత్తు. మొదట కూతురి లంగా ఓణీకి అంచు, తర్వాత పొరుగామె జాకెట్టుకు హుక్కులు. పని చేయాలన్న మనసు పుట్టాక పని చేయడం కాదు, పని చేస్తుండగా మనసు వెనకనుంచి రావడం. దిగులు జబ్బులో ఈ వరస తిరగబడుతుందని ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేలా చెప్పడానికి రెండు మూడు సార్లు కూర్చోవాల్సి వచ్చింది.

వెనక్కి వెళ్లిన వారం

చికిత్స తొమ్మిదో వారంలో పక్క ఊళ్లో ఇదే వాల్వు ఉన్న ఒకామెకు పక్షవాతం వచ్చిందని తెలిసింది. ఆ రాత్రి ఊపిరాడక, చేతులు తిమ్మిరెక్కి, చచ్చిపోతున్నానని కేకలు వేసింది. దగ్గరలోని ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఈసీజీ తీసి, "ఏమీ లేదు, టెన్షన్" అని ఇంటికి పంపారు. మర్నాటి నుంచి మూడు రోజులు మంచం దిగలేదు.

"ఏమీ లేదు" అన్న మాటను నేను వైద్యుల నోట వినదలచుకోలేదు. ఆమెకు ఉన్నది ఉంది, దాని పేరు తీవ్ర భయం. ఆ రాత్రి లేనివి ఏవో వాటిని పేరు పెట్టి చెప్పాలి. మేం కూర్చుని ఐఎన్ఆర్ పుస్తకం చివరి పేజీలో కూతురి చేతిరాతతో రాయించాం. మూతి వంకరపోవడం, మాట తడబడటం, ఒక చెయ్యి గానీ కాలు గానీ పడిపోవడం, వాల్వు శబ్దం మందగించడం, పడుకుంటే ఆయాసం, నల్లటి విరేచనం, తగ్గని జ్వరం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా క్షణం ఆగకుండా ఆసుపత్రికి. జ్వరాన్ని ఆ పేజీలో చేర్చమని కార్డియాలజిస్టు పట్టుబట్టారు, కృత్రిమ వాల్వుకు ఇన్‌ఫెక్షన్ పట్టడం ప్రాణాంతకం. ఇవేవీ లేకుండా దడ, తిమ్మిరి, ఊపిరాడనట్టు ఉంటే కూర్చుని నెమ్మదిగా గాలి వదలడం, ఇరవై నిమిషాలు ఆగడం. అప్పటికీ తగ్గకపోతే ఆసుపత్రికి. దిగులు మింగేస్తున్నట్టనిపించే రాత్రికి ప్రభుత్వ మానసిక సాయం ఫోను టెలి మానస్ నంబరు 14416 కూడా అదే పేజీలో ఉంది. అందులో తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

ఆ వారంలో కూతురి సంగతి కూడా నాకు తట్టింది. తల్లి మాత్రల డబ్బా ఆ పిల్ల దగ్గర ఉంచమని మొదటి రోజు నేనే చెప్పాను. ఆ పిల్ల రాత్రి రెండింటికి లేచి తల్లి ఊపిరి చూసి పడుకుంటోంది, చదువు వెనకబడింది. పదిహేడేళ్ల పిల్ల మీద నేను వేసిన బరువు అది. డబ్బాను అత్తగారికి మార్పించి, మా సోషల్ వర్కర్‌తో ఆ అమ్మాయికి విడిగా నాలుగుసార్లు మాట్లాడించాను.

ఇప్పుడు

చికిత్స మొదలై ఎనిమిది నెలలు. పీహెచ్‌క్యూ-9లో 5, జీఏడీ-7లో 6. చివరి ఎనిమిది ఐఎన్ఆర్ పరీక్షల్లో ఏడు 2.5, 3.5 మధ్యే ఉన్నాయి. ఎసిట్రోమ్ మోతాదు ఐదు నెలలుగా మార్చాల్సిన అవసరం రాలేదు. ఎడమ పక్కకు తిరిగి ఇంకా పడుకోలేకపోతోంది. మెడ కిందిదాకా మూసే జాకెట్లే కుట్టుకుంటుంది, అది ఆమె ఇష్టం. సెర్ట్రలిన్ ఏడాది నిండేదాకా కొనసాగిస్తాం, తర్వాత తగ్గించే సంగతి చూస్తాం. సర్జరీ విభాగంవారు ఇప్పుడు వాల్వు మార్పిడికి ముందు రోజు రోగిని, ఇంటివారిని కూర్చోబెట్టి, ఇదివరకు ఆపరేషన్ అయినవారి చేత శబ్దం గురించి చెప్పిస్తున్నారు. రెండుసార్లు ఈమె వచ్చి మాట్లాడింది.

పోయిన నెల వచ్చినప్పుడు ఐఎన్ఆర్ పుస్తకం నా బల్ల మీద పెట్టింది. తేదీ, అంకె, మోతాదు, సంతకం గళ్ల పక్కన స్కేలుతో గీసిన కొత్త గడి ఉంది. ఏమిటని చూస్తే, ఆ వారం కుట్టిన జాకెట్ల లెక్క. 3, 5, 4, 7. దసరాకు ఇరవై ఆర్డర్లు వచ్చాయట, ఒప్పుకోవచ్చా అని అడిగింది. పన్నెండుకు ఒప్పుకోమన్నాను. పదిహేను దగ్గర కుదిరింది.